పరిహారము భిక్ష కాదు, ఋణము

రహదారిపై లారీ తాకిడికి ఒకడు కాలు కోల్పోవును. బస్సు దిగుచు ఒక యిల్లాలు చక్రము క్రింద బడి నడుము విరుగగొట్టుకొనును. మఱునాడు పత్రికలో వార్త వచ్చును. ప్రమాదము పెద్దదైనచో ప్రభుత్వమువారు ఎక్స్‌గ్రేషియా యను పేర కొంత సొమ్ము ప్రకటింతురు. నాయకుడొకడు చెక్కు నందించుచుండగా ఛాయాచిత్రము తీయబడును. బంధువులు చేతులు జోడింతురు. అంతటితో న్యాయము జరిగెనని లోకము తృప్తిపడును. మేము తృప్తిపడజాలకున్నాము.

ఎక్స్‌గ్రేషియా యనగా దయచే నొసగునది. దయ మంచిదే, ఆకలిగొన్న యింట మొదటి దినముననే పొయ్యి వెలిగించునది యదియే. కాని దయవలన ఋణము తీరదు. ఒకని యజాగ్రత్తచే వేరొకని దేహము భగ్నమైనచో, కొట్టినవాడు పడినవానికి బాకీపడినాడు. ఆ బాకీకే నష్టపరిహారమని పేరు. దొరవారి దయయని చేయి చాచుట పరపాలనమున మగ్గిన ప్రజలకు తప్పని గతి. 1950లో రాజ్యాంగము నమలుపరచుకొన్న పౌరులకు అది తగదు. అయినను నేటికిని మన పట్టణములలో క్షతగాత్రుడు ట్రిబ్యునలు గుమ్మమెక్కునపుడు యాచకునివలె తలవంచుకొనియే పోవుచున్నాడు. తన కేమి రావలెనో తానెఱుగకపోవుటయే ఇందులకు మూలము. ఈ యజ్ఞానమే యితరులకు పెట్టుబడి యగుచున్నది.

చట్టమేమనుచున్నదో చూతము. 1988నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బహిరంగ ప్రదేశములందు నడుచు ప్రతి వాహనమునకును థర్డ్‌పార్టీ బీమా విధాయకము. బాధితుడు ప్రమాదము జరిగిన చోటనే గాక, తాను కాపురముండు చోట గాని ప్రతివాది యుండు చోట గాని ట్రిబ్యునలు నాశ్రయింపవచ్చును. పరిహారమున చేరవలసిన పద్దులను సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ వ్యాజ్యమున విశదీకరించినది. వైద్యము, మందులు, రాకపోకలు, పుష్టికరాహారము. మంచము పట్టిన దినములలో పోయిన కూలి. శాశ్వత వైకల్యమువలన ఇకముందు పోవు సంపాదన. ఇకముందు కావలసిన వైద్యము. ఇవన్నియు ధనరూపమైన నష్టములు. ఇవిగాక బాధకును, జీవిత సౌఖ్యములు నశించుటకును, వివాహావకాశములు సన్నగిల్లుటకును, ఆయుర్దాయము తగ్గుటకును వేఱుగా వెల కట్టవలెను. ఆసుపత్రి బిల్లు చెల్లించినంతనే పరిహారము ముగిసెనని చెప్పువాడు ఎఱుగనివాడైనను కావలెను, వంచకుడైనను కావలెను.

అన్నిటికంటె ఘోరమైన మోసము వైకల్యపు లెక్కలో జరుగుచున్నది. డాక్టరు సర్టిఫికెట్టులో నూటికి 30 వంతులని వ్రాసినచో సంపాదనయు నూటికి 30 వంతులే పోయినదని వాదించుట పరిపాటియైనది. ఇది శుద్ధ తప్పు. డాక్టరు కొలుచునది దేహమును. ట్రిబ్యునలు కొలువవలసినది జీవనోపాధిని. ఎడమచేయి తెగిన గుమాస్తా తన కొలువులో నిలువవచ్చును. అదే చేయి తెగిన డ్రైవరునకును వడ్రంగికిని వృత్తియే సమసిపోవునని ఆ 2010 తీర్పు స్పష్టముగా చెప్పినది. అంతకు పూర్వమే, 1975లో, చేయి పోగొట్టుకొన్న వడ్రంగికి సంపూర్ణ వైకల్యమే కలిగినదని అదే న్యాయస్థానము, 1923నాటి కార్మిక పరిహారపు చట్టము క్రింద, అంగీకరించినది.

దీని ఫలమును అంకెలలో చూచిన గాని తెలియదు. ముప్పది యేండ్ల వడ్రంగి, నెలకు 12,000 రూపాయలు సంపాదించువాడు, కుడిచేయి కోల్పోయెననుకొందము. ఏటి సంపాదన 1,44,000 రూపాయలు. స్వతంత్రముగా పనిచేసికొనుచు నలుబది యేండ్లు దాటనివానికి, ముందు పెరుగదగిన రాబడికై నూటికి 40 వంతులు కలుపవలెనని 2017లో ప్రణయ్ సేథీ వ్యాజ్యమున రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. కలుపగా 2,01,600 రూపాయలు. 2009నాటి సరళా వర్మ తీర్పు ననుసరించి 26 మొదలు 30 ఏండ్ల వయస్సునకు గుణకము 17. హెచ్చవేయగా 34,27,200 రూపాయలు. జీవించియున్న క్షతగాత్రుని విషయమున స్వంత ఖర్చుల పేర తగ్గింపులేదు. సర్టిఫికెట్టులోని 30 వంతులనే పట్టుకొన్నచో అదే మొత్తము 10,28,160 రూపాయలకు దిగును. అతడు వేరొక పనిచేసి కొంత గడింపగలడా యన్నది న్యాయముగా విచారింపవలసినదే. కాని ఆ విచారణయే లేక, ఒక్క కాగితపు టంకెచే ఒక సంసారమునకు దాదాపు 24 లక్షలు పోవుట న్యాయమా? గోరుచుట్టుపై రోకటిపోటనగా నిదియే గదా!

ఇల్లాండ్ర విషయము మఱింత లజ్జాకరము. 1994 సవరణతో చట్టమున చేరిన షెడ్యూలు సంపాదన లేనివారి కేడాదికి 15,000 రూపాయలని వెల కట్టినది. సంపాదనలేని భార్యయైనచో భర్త రాబడిలో మూడవవంతన్నది. తెల్లవారకముందే లేచి వండి, నీళ్లు తెచ్చి, బిడ్డలను పెంచి, ముదుసలులకు సేవచేసి, అందఱును నిద్రించిన పిమ్మట పండుకొనునామె సంపాదన లేనిదట! 2001 జనాభా లెక్కలయందు గృహిణులను భిక్షకులతోడను ఖైదీలతోడను ఒకే కోవలో చేర్చిరి. 2010లో సుప్రీంకోర్టు దీనిని తీవ్రముగా గర్హించినది. 2021లో కీర్తి వ్యాజ్యమున గృహిణి శ్రమకు వెల కట్టుట ఆమె గౌరవమును గుర్తించుటయే యని మఱల చెప్పవలసివచ్చినది. నడుము విరిగిన యిల్లాలికి వైద్యపు ఖర్చులు చాలునని నేడెవరైన వాదించినచో, ఆ వాదము చట్టమునకును విరుద్ధము, సంస్కారమునకును విరుద్ధము.

ఇక గడువు సంగతి. 1988 చట్టమునందు ఆఱునెలల గడువుండెను. 1994లో దానిని తొలగించిరి. 2019 సవరణలో మఱల తెచ్చి, 2022 ఏప్రిలు 1 నుండి అమలుపఱచిరి. మొదట సహేతుకమైన జాప్యమును క్షమించుటకు వీలుండెను. ఈమారు అదియు లేదు. కాలు విరిగినవాడు మంచము దిగునప్పటికే ఆఱునెలలు గడచును. ఈ నిబంధనపై వ్యాజ్యములు సుప్రీంకోర్టునకు చేరగా, 2025 నవంబరులో, విచారణ ముగియువఱకు గడువు మించినదను కారణమున అర్జీలను త్రోసిపుచ్చరాదని మధ్యంతరాజ్ఞ వెలువడినది. ఇది తాత్కాలికోపశమనమే. ఈ నిబంధనను శాసనసభ్యులే రద్దుచేయవలెనని మా దృఢమైన కోరిక. బాకీదారునకు కాలము కవచము కారాదు.

దళారులను గూర్చియు చెప్పక తప్పదు. ఆసుపత్రి వరండాలోనే కొందఱు ప్రత్యక్షమై, వచ్చినదానిలో నాల్గవవంతు తమకని కాగితములు వ్రాయించుకొందురు. వ్యాజ్యఫలితములో వాటా పుచ్చుకొనుట న్యాయవాదులకే నిషిద్ధము. దళారి కెక్కడి హక్కు? తొందరపాటు సంతకమున మఱియొక యాపదయు నున్నది. తప్పెవరిదో నిరూపింపనక్కరలేకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు ఇప్పించు 164వ సెక్షను ఉపకారమే. కాని చట్టము చెప్పిన పద్ధతిని ఆ సొమ్మును స్వీకరించినవాని ట్రిబ్యునలు వ్యాజ్యము అంతటితో రద్దగును. లోక్ అదాలతు రాజీకి అప్పీలు లేదు. రాజీ చెడ్డదని మేమనము. పదియేండ్లు తిరుగుటకంటె నేడు చేతికి వచ్చునది మేలు కావచ్చును. కాని లెక్క తెలిసి ఒప్పుకొన్నది రాజీ, తెలియక ఒప్పుకొన్నది దోపిడి.

దొంగ వ్యాజ్యములు పెరిగినవనియు, పరిహారములు పెంచినచో బీమా కంపెనీలు నిలువవనియు కొందఱు వాపోవుచున్నారు. దొంగలను నిస్సంకోచముగా శిక్షింపుడు, మేమడ్డురాము. దొంగ యొకడున్నాడని బాటసారులందఱి మూటలును లాగికొందురా? కంపెనీ దానము చేయుటలేదు. ఈ యాపద వచ్చునని యెఱిగియే ప్రీమియము పుచ్చుకొన్నది. పుచ్చుకొనునపుడు వ్యాపారము, ఇచ్చునపుడు ధర్మమా? మఱికొందఱు పేదవాని సంపాదన తక్కువ గనుక పరిహారమును తక్కువే యుండుననుచున్నారు. పోయిన కూలికి కూలియే కొలత యగుగాక. బాధకు కూలి కొలత యెట్లగును? శస్త్రచికిత్స చేసిన కాలు కోటీశ్వరునకెంత నొచ్చునో కూలివానికి నంతయే నొచ్చును. ఆ పద్దునందు బీదవానికి తక్కువ వ్రాయు కలము, మనుష్యులలో రెండు జాతులు కలవని వ్రాయుచున్నది.

కావున పఠనాలయములకు వచ్చు విద్యావంతులకు మా విజ్ఞప్తి యిది. మీ వీధిలో క్షతగాత్రుడున్నచో పరామర్శించి తిరిగి రాకుడు. పోలీసు కాగితములును, ప్రతి బిల్లును, డిశ్చార్జి పత్రమును భద్రపఱపింపుడు. ప్రమాదమునకు పూర్వమతడు చేయు పని యేదో, ఇప్పుడేది చేయజాలడో వ్రాయించి ట్రిబ్యునలు ముందుంచునట్లు చూడుడు. గడువు వివాదము తేలువఱకు కాచియుండక ఆఱునెలలలోపలనే అర్జీ పెట్టింపుడు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు 1987నాటి చట్టము క్రింద ఉచిత న్యాయసహాయము కలదని చెప్పుడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టింపుడు.

తెగిన చేయిని ఏ న్యాయస్థానమును అతికింపజాలదు. ఆ చేతితో కుడువవలసిన సంసారమును పస్తు పెట్టకుండుట మాత్రము మన వశములోనిదే. క్షతగాత్రుడు చేయి చాచి యడుగనక్కరలేదు. లెక్క చూపి యడుగవలెను. ఋణము తీర్చువఱకు దేశమున కెవ్వరును అతనిచే చేతులు జోడింపజేయరాదు.