ద్వారము నిలిచినది, గోడ లేదు

నిత్యము దబీర్‌పురా దర్వాజా మీదుగా కళాశాలకు పోవుచుందును. హైదరాబాదు పాతనగరపు 13 ద్వారములలో నేటికి నిలిచినవి రెండే. అందు ఇది యొకటి. ద్వారము పదిలముగనే యున్నది. దానిని ఆనుకొనియుండిన కోటగోడ మాత్రము లేదు. లోనికి రాదలచినవారికి ద్వారముతో పనియే లేదు. మన జన్యుమార్పిడి చట్టముల స్థితియు ఇట్లే యున్నది.

విజ్ఞాన కల్పితకథల యందు ఆసక్తిగల విద్యార్థి యొకడు మొన్న నన్నడిగెను. 'స్టార్ ట్రెక్' కథలలో మానవుల జన్యువులను మెరుగుపరచుట నిషిద్ధము. అయినను 1997లో వచ్చిన యొక భాగమున, బాల్యమునందట్లు మార్చబడిన వైద్యుడు బషీర్ ఉద్యోగముననే నిలుచును. మార్పు చేయించిన తండ్రి రెండేండ్లు చెరకు పోవును. "ఒకే చట్టమునకు ఇన్ని కొలతలా మాస్టారూ?" అని వాని ప్రశ్న. కథకుని దోషమని త్రోసివేయవచ్చును. కాని మన పత్తిచేల కథ అంతకంటె వింతైనది.

అనుమతి లేక జన్యుమార్పిడి విత్తనములను ఉత్పత్తి చేయరాదనియు, అమ్మరాదనియు 1989 నాటి కేంద్ర నియమములు చెప్పుచున్నవి. అయినను 2001లో గుజరాతున అనుమతిలేని బీటీ పత్తి వేలాది యెకరములలో బయటపడెను. కాల్చివేయుడని ఆజ్ఞ వెలువడెను. కొలది మాసములకే, 2002 మార్చిలో, వేరొక సంస్థవారి బీటీ పత్తికి అనుమతి లభించెను. బీటీ వంకాయ విషయము వేరు. అది అనుమతి కోరి వచ్చినది. కేంద్రమంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా పలు నగరములలో సభలు జరిపి, 2010 ఫిబ్రవరిలో దానిని నిలిపివేసిరి. కలుపుమందును తట్టుకొను పత్తికై పెట్టిన దరఖాస్తు 2016లో ఉపసంహరింపబడెను. 2017 నాటికే ఆ జాతి విత్తనము మన రెండు తెలుగు రాష్ట్రముల చేలలో కనబడెను. తలుపు తట్టిన వంకాయ వెలుపల నిలిచినది; తట్టని పత్తి లోనికి వచ్చినది.

కలుపుతీత కూలి భారమైనపుడు రైతు ఈ 'బీజీ-3' విత్తనమునకు ఆశపడుట సహజమే. కాని దానికి రసీదు లేదు, కంపెనీ పేరు లేదు. మొలకెత్తకున్నచో అడుగుటకు మనిషి లేడు. పరిహారము కోరుటకు ఆధారము లేదు. నష్టపోవువాడు తుదకు రైతే.

శిక్షలైనను ఒక తీరున లేవు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము ఐదేండ్ల వరకు చెర విధించుచుండెను. 2023 నాటి జన విశ్వాస్ చట్టము ఆ చెరను తొలగించి, 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా మాత్రముంచెను. ఇటు తెలంగాణలో నిషిద్ధ విత్తనములమ్మినవారిపై పీడీ చట్టమును ప్రయోగించిన సందర్భములు గలవు. దానిక్రింద విచారణ లేకయే ఏడాదివరకు నిర్బంధింపవచ్చును. ఒకే విత్తనమునకు ఒకచోట జరిమానా, వేరొకచోట నిర్బంధము!

మేలైన విత్తనమని తేలినచో బహిరంగముగ పరీక్షించి అనుమతింపవలెను. కాదని తేలినచో ఉత్పత్తి జరుగు చోటనే అరికట్టవలెను. గ్రామమున సంచి మోసిన చిల్లర వ్యాపారిని పట్టి, ఉత్పత్తిదారుని విడుచుట న్యాయమనిపించుకొనదు. ఆ విద్యార్థికి నేనీ మాటయే చెప్పితిని. "అయితే కథలో తప్పు లేదు మాస్టారూ" అని వాడు నవ్వెను. నాకు నవ్వు రాలేదు.