కబాడీ భాయ్ చేతిలో నోటు



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక మస్జిద్ బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఒక బహస్ మొదలైంది. మా గల్లీలో ఎవరింటిదో బోరు మోటారు వైరు కోసుకుపోయారు. రాగి వైరు. "కబాడీ దుకాణానికే పోయుంటుంది, ఇంకెక్కడికి పోతుంది?" అన్నాడు చదువుకున్న ఒక తమ్ముడు. అంతటితో ఆగలేదు. "పాత సామాను కొనేవాడు నఖ్ద్ ఇవ్వకూడదని ఖానూన్ తెస్తే చాలు భాయ్, చోరీలు వాటంతట అవే బంద్ అవుతాయి. అమెరికాలో తెచ్చారు కదా!" చుట్టూ ఉన్నవాళ్ళలో నలుగురు తల ఊపారు. ఆ నలుగురిలో ఇద్దరి అబ్బాజాన్‌లు పాత సామాను కొని అమ్మి పిల్లల్ని చదివించినవాళ్ళే. నాకు ఎక్కువ తక్లీఫ్ అనిపించింది అక్కడే.

చెప్పులు దొరికాయి గానీ జవాబు అక్కడ పూర్తి కాలేదు. మిగతాది ఇక్కడ చెబుతాను.

అమెరికా మాట నిజమే, కాకపోతే దేశం మొత్తం కాదు. లూసియానా రాష్ట్రంలో 2011లో ఒక చట్టం చేశారు. గవర్నరుగా సంతకం పెట్టింది బాబీ జిందాల్, తల్లిదండ్రులు పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళు. ఆ చట్టం ప్రకారం పాత సామాను వ్యాపారి తాను కొన్న సరుకుకు నఖ్ద్ ఇవ్వకూడదు. చెక్కు ఇవ్వాలి, లేదా మనీ ఆర్డరు, లేదా ఖాతాకి పంపాలి. అమ్మినవాడి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బండి నంబరు రాసుకోవాలి. వ్యాపారి అంటే ఎవరనుకున్నారు? నెలకి ఒకసారి కంటే ఎక్కువ పాత వస్తువు కొన్నా అమ్మినా వ్యాపారి కిందే లెక్క. ఇంటి ముందు బల్ల వేసి పాత కుర్చీలు అమ్ముకునేవాడు కూడా ఆ లెక్కలోకి వచ్చే అవకాశం ఉందని అక్కడి వాళ్ళే గొడవ చేశారు. తాకట్టు దుకాణాలకు మాత్రం ఈ చట్టం వర్తించదు, వాటికి వేరే నియమాలు ఉన్నాయన్నారు. అవసరంలో ఉన్నవాడి గడియారాన్ని సూద్ మీద పెట్టుకునేవాడు నోట్లు లెక్కపెట్టి ఇవ్వొచ్చు. అదే గడియారాన్ని ఒక్కసారిగా కొనేసి, వడ్డీ లేకుండా సౌదా ముగించేవాడు మాత్రం చెక్కు రాయాలి! సూద్ హరామ్ అని నమ్మే మనకైనా ఈ తేడా కనిపించాలి కదా.

ఇంకో సంగతి. అదే 2011లో అమెరికా బ్యాంకుల బీమా సంస్థ ఎఫ్‌డీఐసీ చేసిన సర్వేలో 8.2 శాతం కుటుంబాలకు బ్యాంకు ఖాతాయే లేదని తేలింది. చెక్కు చేతిలో పెడితే వాళ్ళు ఏం చేస్తారు? చెక్కుని నఖ్ద్‌గా మార్చే దుకాణానికి వెళ్తారు, అక్కడ కమీషన్ కోసుకుని మిగిలింది ఇస్తారు. చోర్‌ని పట్టుకోవడానికి వేసిన వలలో గరీబ్ చిక్కుకున్నాడు, పైగా వల కిరాయి కూడా వాడే కట్టాడు.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ఇంగ్లండ్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ రైలు పట్టాల పక్కన రాగి కేబుళ్ళు, చర్చిల కప్పుల మీది సీసం రేకులు విపరీతంగా చోరీ అయ్యాయి. 2012 డిసెంబరు నుంచి పాత లోహం కొనేవాళ్ళు నఖ్ద్ ఇవ్వడం మానేయాలన్నారు. మొదట్లో ఇంటింటికీ తిరిగి ఏరుకునేవాళ్ళకు కొంత మినహాయింపు ఉండేది, 2013 చట్టంతో అదీ తీసేశారు. ఈ చట్టాన్ని నేను లూసియానా చట్టంతో ఒకే గాటన కట్టను. వాళ్ళు ఒక్క లోహానికే పరిమితమయ్యారు. కరిగించేస్తే గుర్తుపట్టలేని సరుకు అది, రైళ్ళు ఆగిపోతున్నాయి, ప్రాణాల ఖత్రా ఉంది. కానీ రాగికి సరిపోయిన లాజిక్‌ని ముసలమ్మ బీరువాకి, పిల్లాడి సైకిల్‌కి, రద్దీ కాగితాలకి తొడిగితే అది జుల్మ్.

ఇక మన ముల్క్. మన దగ్గర అలాంటి నిషేధం లేదు గానీ, ఏమీ లేదనుకోవడం కూడా గలత్. 2017 ఏప్రిల్ నుంచి ఒకరి దగ్గర ఒక రోజులో గానీ, ఒక సౌదాకి గానీ, ఒక సందర్భానికి గానీ 2 లక్షలు లేదా అంతకు మించి నఖ్ద్ పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే అంత మొత్తమూ జుర్మానా పడొచ్చు. గమనించండి, జుర్మానా ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. మీ పాత కారు రెండున్నర లక్షలకి నోట్లు తీసుకుని అమ్మితే దోషి మీరే. మా బంధువుల్లో చాలామందికి ఇది తెలియదు, అందుకే రాస్తున్నాను. అలాగే వ్యాపారి ఒకరికి ఒక రోజులో 10 వేలు దాటి నఖ్ద్ ఇస్తే ఆ ఖర్చుని ఆదాయపన్ను లెక్కలో ఒప్పుకోరు. ఇదివరకు 20 వేలు ఉండేది, దాన్ని సగానికి తెచ్చారు. ఈ హద్దులతో నాకు పెద్ద పేచీ లేదు. నల్లధనం వాళ్ళు పాత బనియన్లు అమ్ముకుని బతకరు గానీ, పెద్ద మొత్తానికి లెక్క ఉండాలి. నా పేచీ ఆ తమ్ముడి "ఇంకా కిందికి దింపాలి, సున్నా చేయాలి" అన్న మాటతో.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి, జుమేరాత్ బజార్‌కి వెళ్ళినవాళ్ళకి తెలుసు. నేల మీద గోనెపట్టా పరుచుకుని కుళాయి తలలు, ఒంటి చెప్పు, రిమోట్లు, పాత మిక్సీ జార్లు పెట్టుకుని కూర్చునేవాళ్ళు. పొద్దున ఇంటింటికీ తిరిగి కొన్నది సాయంత్రానికి అమ్మితేనే రాత్రికి పిండి. వాళ్ళ సౌదా దస్త్‌బదస్త్. సరుకు ఈ చేతిలోకి, పైసా ఆ చేతిలోకి.

దీని గురించి ఖురాన్‌లో ఏముందో చూద్దాం. సూరహ్ బఖరా 282వ ఆయత్, మొత్తం ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, లేన్‌దేన్ గురించే. ఉధార్ ఇచ్చినా పుచ్చుకున్నా గడువుతో సహా రాసుకోమంటుంది. చిన్నదైనా పెద్దదైనా బద్ధకించకుండా రాయమంటుంది. కానీ అక్కడికక్కడే చేతులు మారే తిజారత్‌ని విడిగా తీసి, దాన్ని రాయకపోయినా గునాహ్ లేదంటుంది. అయినా అమ్మకం కొనుగోలు చేసేటప్పుడు గవాహ్‌లని పెట్టుకోమంటుంది. ఆ వెంటనే ఇంకో మాట: రాసేవాడికి గానీ గవాహ్‌కి గానీ నుఖ్సాన్ కలిగించకూడదు.

ఆ తమ్ముడికి నేను చెప్పాలనుకున్నదంతా దీంట్లోనే ఉంది. గవాహ్ కావాలంటే తప్పకుండా పెట్టండి. కబాడీ భాయ్ రిజిస్టరు రాయాలి. అమ్మినవాడి పేరు, ఫోన్ నంబరు, వస్తువు ఫోటో ఉండాలి. ఇంజను నంబరున్న బండి, ఐఎంఈఐ ఉన్న ఫోను అయితే నంబరు రాసుకోవాలి. చోర్‌ని పట్టించేది ఆ రాతే. పైసా నోటు రూపంలో వెళ్ళిందా ఫోన్లో వెళ్ళిందా అన్నది కాదు. ఫోన్లో పంపితే ఎవడి ఖాతాకి వెళ్ళిందో తెలుస్తుందంటారు. నిజమే. అద్దె ఖాతాలు పెట్టుకుని కోట్లు దోచే సైబర్ మోసగాళ్ళని అడగండి, నోటు ముట్టుకోకుండా చోరీ ఎలా చేయాలో చెబుతారు. ఆ మోసం పైసలో వంద రూపాయలు చేతులు మారి మారి ఒక చాయ్ దుకాణం ఖాతాలో పడితే, ఎక్కడో వేరే రాష్ట్రం పోలీసుల మాట మీద ఆ ఖాతా మొత్తం బంద్. రేపు కబాడీ భాయ్ ఖాతా అలా ఆగితే, ఆ రోజు తిరగాల్సిన బండి తిరగదు.

మా ఖాలా ఒకావిడ కుట్టుమిషను అమ్మింది. ఇరవై ఏళ్ళు కుట్టిన మిషను. మోకాళ్ళ దవా కోసం అమ్మింది. కొన్నతను "నఖ్ద్ ఇవ్వను, ఖాతాకే పంపుతా" అన్నాడు. 4,500 వచ్చింది. ఆ ఖాతాకే ఆమె కొడుకు ఫోను కిస్తు ముడిపడి ఉంది, రెండు నెలలది బాకీ. తెల్లారేసరికి 3,800 కోసుకుపోయింది. బాకీ కట్టాల్సిందే, అందులో షక్ లేదు. కానీ ఏ బాకీ ముందు, ఏ బాకీ తర్వాత అని నిర్ణయించుకునే హక్కు ఆ పొద్దున ఆమె చేతిలో లేకుండా పోయింది. మిషను ఆమెది, ఆమె మెహర్ పైసతో కొన్నది. షరీఅత్ ఆడదాని మాల్ ఆడదానిదే అంటుంది. మన ఇళ్ళలో ఎంతమంది అమ్మీల ఖాతాకి కొడుకు నంబరో మియా నంబరో ఉందో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. బియ్యం డబ్బాలో దాచిన నోటు ఆమె సొంతం. 2016 నవంబరు 8 రాత్రి ఆ డబ్బాలన్నీ ఎలా బయటపడ్డాయో మనం చూశాం.

మన తప్పు కూడా చెప్పకపోతే నేను ఝూటా అవుతాను. మన వాళ్ళలో కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు ఉన్నారు. సగం ధరకి కాగితాల్లేని బండి వస్తే "నాకేం తెలుసు" అని పార్టులు విప్పేసేవాళ్ళు ఉన్నారు. నల్లగా కాల్చిన రాగి వైరు చూసి కూడా తూకం వేసేవాళ్ళు ఉన్నారు. తెలిసి కొంటే ఖానూన్ ప్రకారం జుర్మ్, దీన్ ప్రకారం హరామ్. ఆ రోజీతో ఇఫ్తార్ చేసి ఏం లాభం? ఒక్కడు చేసిన పనికి బజారు మొత్తం బద్నామ్ అవుతుంది, ఆ తమ్ముడి లాంటి వాళ్ళకి మాట దొరుకుతుంది.

అయితే రిజిస్టరు రాసేవాడి గతి ఏమిటో కూడా అడగాలి. నాకు తెలిసిన ఒక కబాడీ భాయ్ ఉర్దూలో నీట్‌గా దఫ్తర్ రాసేవాడు. ఒకసారి అనుమానం వచ్చి తానే వెళ్ళి ఖబర్ ఇచ్చాడు. సామాను జప్తు చేశారు, మూడు రోజులు అతన్నే కూర్చోబెట్టారు. తర్వాత దఫ్తర్ రాయడం మానేశాడు. రాసేవాడికి నుఖ్సాన్ కలగకూడదన్న మాట ఇక్కడికి సరిగ్గా వర్తిస్తుంది. ఖానూన్ తేవాలంటే ముందు ఇది తేవాలి: లెక్క రాసి, ఖబర్ ఇచ్చిన దుకాణదారుని ముల్జిమ్‌గా చూడకూడదు. అతను ఇచ్చిన పైసకి రసీదు ఇవ్వాలి. చోరీ సామాను పట్టించినవాడికి నష్టం పూడ్చాలి.

మా గల్లీ కార్పొరేటర్‌కి ఈ మాటే అర్జీ రాస్తున్నాం. దఫ్తర్ నమూనా ఒక పేజీది, తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి కబాడీ దుకాణాలకి పంచుదామని అనుకున్నాం. ఖర్చుకి ఐదుగురు ముందుకొచ్చారు. ఆ చదువుకున్న తమ్ముడు కూడా రెండు వందలు ఇచ్చాడు. నఖ్ద్.

ఖుదా హాఫిజ్.