పొదుగు టీపాయి తూకపు సరుకు కాదు

ద్రాక్షారామం: గోదావరి డెల్టాలో పాత ఇల్లు విప్పుతున్నారంటే టేకు దూలాలకు, స్తంభాలకు, ద్వారబంధాలకు బేరగాళ్లు ముందే వచ్చి నిలబడతారు. రామచంద్రపురం, మండపేట, కోటిపల్లి వైపు ఏ ఊళ్లో చూచినా ఇదే తీరు. కలపకు అడుగుల లెక్క ఉన్నది. ఇత్తడి గొళ్లాలకు, గుబ్బలకు కిలో లెక్క ఉన్నది. గచ్చు మీది రాళ్లకు చదరపు అడుగు లెక్క ఉన్నది. లెక్క లేనిదల్లా ఆ ఇంటి హాలులో అరవై డెబ్బై ఏళ్లుగా ఉన్న పొదుగు టీపాయికే. టేకు లేదా శీషం పలకలో ఇత్తడి రేకు, తీగ పొదిగి, కొన్నింటికి నడుమ పాలరాయి, రంగురాళ్లు కూర్చిన ఆ బల్లను సామానుగా చూచేవారు తక్కువ, తుక్కుగా చూచేవారు ఎక్కువ. ఈ పద్ధతి వల్ల అమ్ముకునే కుటుంబం నష్టపోతున్నది. నిదానించి లెక్క వేస్తే వర్తకుడు కూడా నష్టపోతున్నాడు.

సరుకు పుట్టుక

టీపాయి అన్న మాటకూ తేయాకుకూ సంబంధం లేదు. హిందీలోని 'తీన్', పారశీకంలోని 'పాయ్' కలిసి మూడు కాళ్ల బల్ల అనే అర్థంలో పుట్టిన మాట ఇది. ఇంగ్లీషువారు దీనిని తీసుకుని తమ టీతో ముడిపెట్టుకున్నారు. ఇప్పుడు నాలుగు కాళ్లున్నా అది టీపాయే.

పొదుగు పనికి ఉత్తరాదిలో పేరున్న కేంద్రాలు ఉన్నాయి. సహారన్‌పూర్ శీషం కొయ్యపనికి, మైన్‌పురి ఇత్తడి తీగను కొయ్యలో దించే తార్‌కషి పనికి, ఆగ్రా పాలరాతిలో రంగురాళ్లు కూర్చే పనికి ప్రసిద్ధి. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడిన తరువాత ఇటువంటి సరుకుకు ఎంపోరియంలలోను, విదేశాలలోను మార్కెట్టు విస్తరించింది. రైల్వేలోనో, సైన్యంలోనో పనిచేసినవారు ఉత్తరాది నుంచి తెచ్చుకున్నవి, ఆడపిల్ల సారెతో వచ్చినవి డెల్టా ఇళ్లలో చేరాయి.

తెలుగునాటకు ఈ విద్య కొత్త కాదు. 18వ శతాబ్దంలో విశాఖపట్నం పనివారు కొయ్య సామానులో ఏనుగు దంతం పొదిగి ఈస్టిండియా కంపెనీ దొరలకు అమ్మారు. ఆ సామాను నేడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది. కోరంగి, కాకినాడ రేవుల మీదుగా బర్మా వెళ్లి సంపాదించిన కుటుంబాల వల్ల రంగూన్ టేకు పేరు కోనసీమ నోళ్లలో ఇప్పటికీ నిలిచే ఉన్నది. మంచి కొయ్య, మంచి పని తెలిసిన ప్రాంతమే ఇది. మరచిపోయినది ధర కట్టే విధానం మాత్రమే.

విప్పితే మిగిలేదెంత

తుక్కు బేరం ఎందుకు తప్పో కాగితం మీద వేసి చూడవచ్చు. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పై పలకను తీసుకుందాం. 8 చదరపు అడుగులను 12తో భాగిస్తే ఘనపుటడుగులో మూడింట రెండు వంతులు తేలుతుంది. కాళ్లు, చట్రం కలిపినా మొత్తం ఒక ఘనపుటడుగుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులోనూ పై పలక నిండా గాడులే. వాటిని చిత్రిక పట్టి పోగొట్టేసరికి అంగుళం పలక ముప్పాతిక అంగుళానికి దిగుతుంది.

ఇక ఇత్తడి సంగతి. మిల్లీమీటరు మందం రేకు పలక మీద అక్కడక్కడా పరచుకుని, మొత్తం కలిపితే ఒక చదరపు అడుగు ఉన్నదనుకుంటే దాని బరువు సుమారు 790 గ్రాములు. అంటే కిలో కూడా లేదు. ఊడబెరికిన రేకు వంకర్లు పోయి, లక్క, జిగురు అంటుకుని వస్తుంది కనుక తుక్కు కొట్టులో మంచి రకం ధర రాదు. పొదుగు రాళ్లు ఊడదీస్తే ముక్కలవుతాయి. వాటికి ధరే లేదు.

ఈ విధంగా ఒక పనివాడు వారాల తరబడి కూర్చుని చేసిన పని, విప్పిన వర్తకుడి చేతిలో ముప్పాతిక కిలో ఇత్తడిగా, అడుగు లోపు కలపగా మిగులుతున్నది. విత్తనపు వడ్లను మరకు పంపి బియ్యం ధరకు అమ్ముకోవడం డెల్టాలో ఏ రైతూ చేయని పని. పొదుగు టీపాయి విషయంలో జరుగుతున్నది సరిగ్గా అదే.

చండీగఢ్ పాఠం

ఇది ఊహాగానం కాదనడానికి చండీగఢ్ ఉదాహరణ చాలును. ఆ నగర నిర్మాణంలో లీ కార్బూజియేతో పనిచేసిన ఆయన బంధువు పియర్ జాన్నెరె 1951 నుంచి 1965 వరకు అక్కడే ఉన్నారు. ప్రభుత్వ కార్యాలయాలకు, కాలేజీలకు కావలసిన టేకు కుర్చీలు, బల్లలు అప్పట్లో స్థానిక వడ్రంగుల చేత చేయించారు. తరువాతి కాలంలో అవి పాతబడి, విరిగి, గోదాములకు చేరి, పనికిరాని సామానుగా వేలంలో పోయాయి. వాటి విలువ తెలిసిన విదేశీ వర్తకులు కొని, బాగుచేయించి, పారిస్, లండన్, న్యూయార్క్ వేలాలలో లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోం శాఖ ఆ సామాను అమ్మకాన్ని, ఎగుమతిని నిలపమని ఆదేశించేనాటికి చాలా సరుకు దేశం దాటింది.

ఇక్కడ వర్తకులు గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. ఆ కుర్చీల వెనుక తెల్లరంగుతో రాసిన ఆఫీసు నంబర్లే తరువాత వాటి అసలుతనానికి రుజువులయ్యాయి. అదే విధంగా న్యూయార్క్‌లో ఫిలిప్, కెల్విన్ లవెర్న్ అనే తండ్రీకొడుకులు కంచు, ప్యూటర్ రేకులతో చేసిన టీపాయిలకు వారి సంతకమే బలం. సరుకుకు ఊరు, పేరు, కాలం తోడైతేనే ధర.

ద్రాక్షారామం టీపాయికి చండీగఢ్ కుర్చీ ధర వస్తుందని ఎవరూ ఆశపడరాదు. చేసినవారి పేరు దానికి లేదు. అయితే తుక్కు ధరకూ ఆ ధరకూ నడుమ ఉన్న ఎడం చాలా పెద్దది. ఆ నడిమి ధరనే డెల్టా వర్తకులు వదులుకుంటున్నారు.

చట్టం హద్దులు

ఈ సరుకు ముట్టుకుంటే చట్టం అడ్డు వస్తుందన్న జంకు కొందరికి ఉన్నది. 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉన్న 1972 నాటి పురావస్తువుల చట్టం కింద ఇటువంటి వస్తువుకు నూరేళ్ల వయస్సు నిండాలి. నిండిన వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని ఎగుమతి చేయరాదు. 1950లలో, 60లలో చేసిన టీపాయి ఈ పరిధిలోకి రాదు. తాతల నాటిదని చెప్పుకుని ధర పెంచబోయేవారు మాత్రం ఈ హద్దును గుర్తుంచుకోవాలి.

తెల్లని పొదుగు కనబడితే ముందు ఆగాలి. అది ఎముక కావచ్చు, ప్లాస్టిక్ కావచ్చు, దంతమూ కావచ్చు. వన్యప్రాణి చట్టానికి 1986లోను, 1991లోను చేసిన సవరణలతో ఏనుగు దంతం వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. వస్తువు ఎంత పాతదైనా దానిని బేరానికి పెట్టరాదు.

విదేశాలకు పంపేవారు కొయ్య జాతి చూసుకోవాలి. టేకుకు అంతర్జాతీయ ఒప్పందం కింద చిక్కు లేదు. శీషం జాతి మొత్తం 2017 జనవరి నుంచి ఆ ఒప్పందం అదుపులో ఉన్నది. 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశంలో భారతదేశం కొంత వెసులుబాటు సాధించింది. శీషం వస్తువు ఒక్కొక్కటి 10 కిలోల లోపు ఉంటే ఆ అనుమతి పత్రం అక్కరలేదు. తూకంలో కొయ్య బరువే లెక్క, ఇత్తడి వంటి లోహాన్ని కలపరు. ఒకటిన్నర అడుగుల గుండ్రటి పలక అంగుళం మందంలో 3 కిలోల పైచిలుకు తూగుతుంది కనుక, మడత కాళ్లతో సహా హద్దు లోపే ఉంటుంది. పైన చెప్పిన 4 అడుగుల పలక శీషందైతే అదొక్కటే 14, 15 కిలోలు. దానికి పత్రం కావాలి. సరుకు కట్టే ముందు నాటికి అమలులో ఉన్న నిబంధన సరిచూసుకోవడం మంచిది.

పన్ను సంగతి కూడా భయపడవలసినంత లేదు. వాడిన సామాను కొని అమ్మే రిజిస్టరు వర్తకుడు, కొనుగోలు మీద పన్ను జమ తీసుకోకపోతే, జీఎస్టీ నిబంధనలలోని 32(5) ప్రకారం కొన్న ధరకు, అమ్మిన ధరకు గల తేడా మీదనే పన్ను చెల్లించవచ్చు. 6,000 రూపాయలకు కొని 9,000కు అమ్మితే లెక్కకు వచ్చేది 3,000 మాత్రమే. వస్తువు స్వభావం మారకూడదన్నది షరతు. బల్లను బల్లగా ఉంచిన వర్తకుడికే ఈ సౌకర్యం.

పెట్టుబడి చిక్కు

తుక్కు బేరాన్ని సమర్థించేవారి వాదనలోనూ నిజం లేకపోలేదు. ఇత్తడి, టేకు సాయంత్రానికే రొక్కం అవుతాయి. టీపాయి ఆరు నెలలు కొట్టులో కూర్చుంటే పెట్టుబడి ఇరుక్కుంటుంది, వడ్డీ పెరుగుతుంది, చోటు పోతుంది. కొనేవాడు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉంటాడు. మండపేట వర్తకుడు అక్కడి దాకా పోలేడు.

దీనికి మందు డెల్టాలోనే ఉన్నది. ధాన్యంలో, కొబ్బరిలో తరతరాలుగా నడుస్తున్న కమీషన్ పద్ధతినే ఈ సరుకుకూ వర్తింపజేయవచ్చు. బల్ల యజమానిదే. వర్తకుడు ఆరు నెలల గడువుకు అప్పగింత చీటీ రాసి తీసుకుంటాడు. కనీస ధర, కమీషన్ శాతం, బాగుచేత ఖర్చు ఎవరిదన్నది ముందే రాసుకుంటారు. అమ్ముడైతే కమీషన్, కాకపోతే సరుకు వాపసు. పెట్టుబడి ఇరుక్కోదు, వడ్డీ బాధ ఉండదు. బ్రోకరుకు ఇందులో చోటు ఉన్నది, పైగా యజమానికి తెలియకుండా లాభం దాచుకునే అవసరం ఉండదు. ఇల్లు విప్పుకుంటున్న కుటుంబాలలో తరచు పెద్దవయసువారే మిగులుతున్నారు. పిల్లలు దూరాన ఉంటారు. వారి తెలియనితనం మీద వచ్చే లాభం ఒక్క బేరంతో సరి. నమ్మకం మీద వచ్చే కమీషన్ ఊరంతటినీ ఆ కొట్టుకు తీసుకువస్తుంది.

చీటీయే ప్రాణం

ఈ పద్ధతి నిలవాలంటే ప్రతి బల్లకు ఒక చీటీ ఉండాలి. ఏ ఊరి ఇంటి నుంచి వచ్చింది, కుటుంబం చెప్పిన సంవత్సరం ఏది, కొలత, కొయ్య జాతి, ఏ భాగం కొత్తగా వేసినది అన్నవి అందులో రాయాలి. పాత రసీదు, పెళ్లినాటి ఫొటో దొరికితే వాటి నకలు జతపరచాలి.

కొత్త బల్లలకు పాత రంగు వేసి అమ్మేవారు ఎక్కడైనా ఉంటారు. అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. బల్ల తిరగేసి చూచినప్పుడు అచ్చులో నొక్కిన చెక్కపొట్టు అట్ట కనబడితే, ప్లస్ గుర్తు మరలు వరుసగా కొత్తగా మెరుస్తుంటే అనుమానించాలి. పొదుగుకూ, తాపడానికీ తేడా తెలియాలి. గాడిలో దించినది పొదుగు, పైన మేకులతో బిగించినది తాపడం. రెండింటికీ ఒకే ధర కట్టరాదు.

బాగుచేత పేరుతో సరుకు చెడగొట్టుకోవడమూ జరుగుతున్నది. ఇంట్లో ఇత్తడి బిందెకు పనికివచ్చే చింతపండు పొదుగు బల్లకు పనికిరాదు. ఆ పులుపు కొయ్యలోకి దిగి మరక చేస్తుంది, పాలరాయిని తినేస్తుంది. మిషను గరుకు కాగితం రేకును పలచబరుస్తుంది. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి పనికి పేరున్న ఊరు. పాత్రల పని వేరు, పొదుగు పని వేరు అయినా రేకు తెలిసిన చేయి దూరాన లేదు. రెండు మూడు బల్లలు నమూనాకు ఇచ్చి చూడవచ్చు.

రవాణాలో కూడా నష్టం ఉన్నది. 4 అడుగులకు 2 అడుగుల పాలరాతి పలక ముప్పాతిక అంగుళం మందంలో సుమారు 38 కిలోలు. దానిని బల్ల నుంచి విడదీసి, అద్దం మాదిరిగా అంచు మీద నిలబెట్టి కట్టాలి, పరుండబెట్టి పైన బస్తాలు వేయరాదు. లారీ రసీదులో యజమాని బాధ్యత అని రాసి ఉంటే పగిలినదానికి పరిహారం రాబట్టడం కష్టం కనుక భీమా ఖర్చును ధరలో కలుపుకోవాలి.

ఈ సరుకు మళ్లీ పండేది కాదు. ఇంటి వెంట ఇల్లు విప్పుతున్న కొద్దీ రాబడి తగ్గుతుందే గాని పెరగదు. రాబడి తగ్గే సరుకును అగ్గువకు వదులుకోవడం వర్తక నీతి కాదని కొట్టు గుమాస్తా కూడా చెప్పగలడు. ఈ వేసవిలో విప్పే ఇళ్ల దగ్గర టీపాయిని తూకం వేసే ముందు ఒక అప్పగింత చీటీ రాయడంతో మొదలుపెట్టినా డెల్టాలో దీనికంటూ ఒక ధర నిలబడుతుంది.