వేట విరామంలో ఇంటి బడి

ఏప్రిల్ 15 వచ్చిందంటే నెల్లూరు జిల్లా జువ్వలదిన్నెలో మరపడవలు ఒడ్డుకు చేరతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పు తీరమంతటా జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరికొద్ది రోజులకే బడులకూ వేసవి సెలవులు. వీబీఎస్ అని పిలుచుకునే వేసవి బైబిలు తరగతులూ చర్చిల్లో అప్పుడే జరుగుతాయి. పిల్లలు నిద్ర లేవకముందే సముద్రం మీదికి వెళ్లే తండ్రి ఈ రెండు నెలలూ ఇంటిపట్టున ఉంటాడు. విశ్వాసం గల మత్స్యకార కుటుంబానికి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడానికి ఇంతకు మించిన అదను లేదు.

దేవుడి సృష్టిని చూపిస్తూ, తొందరపెట్టకుండా, ఇంట్లోనే చదువు చెప్పుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. దానికి బాట వేసినవారిలో ముఖ్యురాలు బ్రిటన్‌కు చెందిన షార్లెట్ మేసన్ (1842-1923). 1886లో వచ్చిన ఆమె పుస్తకం 'హోమ్ ఎడ్యుకేషన్'ను ఇంటి చదువు ఎంచుకున్న క్రైస్తవ కుటుంబాలు అమెరికాలో, ఇతర దేశాల్లో నేటికీ దగ్గర పెట్టుకుంటున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలకు పాఠాల బరువు వద్దు, ఆరుబయట గంటల తరబడి ఆడుకోనివ్వండి అన్నారామె. ఆ తర్వాత కూడా చిన్నపిల్లల పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదన్నారు. విన్నదాన్ని పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చూసిన ఆకునో పురుగునో బొమ్మ గీసి, తేదీ వేసి, ఒక పుస్తకంలో దాచుకోవాలి. బైబిలు పాఠం దేవుడిది, లెక్కల పాఠం లోకానిది అనే విభజనను ఆమె ఒప్పుకోలేదు. ఏ విద్యనైనా నేర్పేది పరిశుద్ధాత్మేనని నమ్మారు. ఈ నమ్మకం వల్లే కావచ్చు, పిట్టను చూపించి వెంటనే నీతి చెప్పే ఆత్రం ఆమెలో కనిపించదు. ముందు పిట్టను తనివితీరా చూడనివ్వాలి.

అలా చూడటానికి మన తీరంలో కొదవేముంది? రావణాసురుడి మీసాలు అనే ముళ్లగడ్డినే తీసుకోండి. ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ఆడ మొక్కకు కాసే ముళ్లబంతి ముదిరాక తెగిపోయి, గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతుంది. ఎక్కడో ఆగి, ఇసుకలో కూరుకుపోయి, అక్కడ మొలకెత్తుతుంది. గాలికి ఎగిరిపోయే ఇసుకదిబ్బను పట్టి నిలిపేది ఈ గడ్డే. ఒక పిల్ల అలాంటి బంతి వెంట పరుగెత్తి, అది ఆగిన చోటును, గాలి వీచిన దిక్కును రాసుకుందంటే వృక్షశాస్త్రంలోనూ భూగోళంలోనూ మొదటి పాఠం అయినట్టే. జనవరి నుంచి మార్చి దాకా సముద్రపు తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒకటిన్నర, రెండు నెలలకు పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయన్న సంగతి విని ఆశ్చర్యపోని బిడ్డ ఉండదు. వాటి మీద చెయ్యి వేయకుండా దూరంగా నిలబడి చూడటమూ నేర్పాల్సిన విషయమే.

ఈ చదువుకు గురువుల కోసం వెతుక్కోనక్కర్లేదు. నీటి రంగు, గాలి వాటం, ఏ చేప ఏ కాలంలో పడుతుందో తండ్రికి తెలుసు. ఎండుచేపకు ఉప్పు ఎంత పట్టాలో అమ్మమ్మకు తెలుసు. పీత బొరియ ఆనవాళ్లు, మందుమొక్కల గుణాలు ఈ జిల్లా యానాది పెద్దలకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? యాకోబు, యోహానులను యేసు పిలిచినప్పుడు వాళ్లు తండ్రితో కలిసి పడవలో వలలు బాగుచేసుకుంటున్నారని సువార్త చెబుతోంది. నిషేధ కాలంలో మన తీరం పొడుగునా జరిగే పనీ అదే. తండ్రి పక్కన కూర్చుని చిరిగిన కన్ను ముడివేసే పిల్లవాడికి ఆ కథను విడమరచి చెప్పే పని ఉండదు.

ఇంత చెప్పినా, బడి మానిపించమని మేం ఎన్నటికీ అనం. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఈ జిల్లాలో బడులు నడిపింది. ఊరిబడి గడప తొక్కనివ్వని కులాల్లో ఎందరికో, ఆడపిల్లలకు కూడా, అలాంటి మిషన్ బడుల్లోనే అక్షరం దక్కింది. అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని వదులుకోకూడదు. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం తల్లిదండ్రుల మీద పెట్టింది. చదువుకున్న తల్లిదండ్రులు, తీరిక, ఇంటినిండా పుస్తకాలు ఉన్న నగర కుటుంబాలు సార్వత్రిక విద్యాలయం పరీక్షలను నమ్ముకుని ఇంటి చదువు సాగించగలవేమో. మత్స్యకార పిల్లవాడు బడి మానితే అతనికి దొరికేది పడవ మీద కూలిపని.

కాబట్టి మేం అడిగేది ఈ రెండు నెలల గురించే. వీబీఎస్ నడిపే పాస్టర్లు పాటలతో, కంఠతా వాక్యాలతో పాటు పొద్దున ఎండ ముదరకముందు ఒక గంట ఒడ్డుకు కేటాయించాలి. పెద్దవాళ్లు తోడుండాలి, ఎవరూ నీళ్లలో దిగకూడదు. ఆ గంటలో ప్రసంగం వద్దు. పిల్లకో గీతల్లేని నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఇస్తే చాలు.

ఫిషింగ్ హార్బర్ వచ్చాక జువ్వలదిన్నె ఒడ్డు రూపు మారుతోంది. తూర్పు తీరంలో సముద్రంలోకి అడ్డుగోడ కట్టిన చోట సాధారణంగా దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. ఇక్కడ ఏం జరుగుతోందో పిల్లలే కనిపెట్టవచ్చు. హార్బర్‌కు అటొక సరుగుడు చెట్టు, ఇటొకటి గుర్తు పెట్టుకుని, పోటు తీసిన వేళ నీటి అంచు దాకా ఎన్ని బారలుందో తాడుతో కొలిచి, ఏటా వేట విరామంలో తేదీతో సహా రాసిపెట్టాలి. జూన్‌లో బడి తెరిచాక పరిసరాల విజ్ఞానం చెప్పే పంతులమ్మ ఆ పుస్తకాలు అడిగి చూసి, మిగతా పిల్లల చేత కూడా కొలిపించవచ్చు.