విశ్రాంతి దినాన్ని కొట్టివేయకండి

గత నెలలో మా తమ్ముడి కొడుకు ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. నేపాల్‌లోని సాగరమాత జాతీయ ఉద్యానవనం గుండా ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వరకు నడిచి వెళ్లే యాత్ర ప్రణాళిక అది. నామ్చే బజార్‌లో ఒకరోజు, డింగ్‌బోచేలో ఒకరోజు ఆగవలసిన విశ్రాంతి దినాలను పెన్నుతో కొట్టివేశాడు. "సెలవు చాలదు పెదనాన్నా. రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తుతాను కదా, నాకేమీ కాదు. ఏదైనా మాత్ర రాసివ్వండి" అన్నాడు.

పరుగెత్తగల కాళ్లు పర్వత అస్వస్థతను ఆపలేవు. దృఢకాయుడు త్వరగా ఎక్కుతాడు, కనుక ప్రమాదంలోకి కూడా త్వరగానే వెళతాడు. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడ కూడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 5,364 మీటర్ల ఎత్తులోని బేస్ క్యాంప్‌లో ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో ఇంచుమించు సగం. ఆ లోటుకు శరీరం అలవాటు పడడానికి రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలనీ వైద్యులు చెబుతారు. నామ్చే 3,440 మీటర్లు, డింగ్‌బోచే 4,410 మీటర్లు. ఆ మజిలీలు ఊరికే పెట్టినవి కావు.

ఇంత తెలిసిన నేనే, పదవీ విరమణ తరువాత అదే దారిలో వెళ్లి, డింగ్‌బోచేలో రాత్రంతా తలనొప్పితో బాధపడి కూడా ఎవరికీ చెప్పలేదు. బృందంలో వైద్యుణ్ణి నేనొక్కణ్ణే, చెప్పడానికి నామోషీ. తెల్లవారి బూటు లేసు కట్టుకోవడానికి చేతులు తడబడ్డాయి. మా షెర్పా కుర్రవాడు అది గమనించి, ఒక పాదం మడమను రెండవ పాదం వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవమన్నాడు. ఎందరో రోగులచేత నేను చేయించిన పరీక్షే అది. నాలుగడుగులకే పక్కకు తూలాను. మెదడులో నీరు చేరడానికి అది గుర్తు. అతడు వాదన పెట్టుకోలేదు. నా సంచి భుజాన వేసుకొని, చేయి పట్టుకొని వెంటనే కిందికి దింపాడు. బేస్ క్యాంప్ నేను చూడనేలేదు.

ఎసిటజోలమైడ్ మాత్ర ఉపయోగపడుతుంది, కాదనను. అది శరీరం అలవాటు పడడాన్ని త్వరపరుస్తుంది. సల్ఫా మందులు పడనివారు ముందే వైద్యునికి చెప్పాలి. అయితే అది విశ్రాంతికి బదులు కాదు. తలనొప్పి, వికారం ఉంటే పైకి ఎక్కరాదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, అర్ధరాత్రయినా సరే, తోడుతో కిందికి దిగవలసిందే. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది, తలనొప్పి అన్నవాణ్ణి చూసి తోటివారు నవ్వడం.

మావాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో రెండు రోజులు సెలవు అడిగి చూస్తానన్నాడు. మాత్ర చీటీ నేనింకా రాయలేదు.