పటాన్నీ పాఠంలాగే రాయాలి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి 2020-21 విద్యా సంవత్సరంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. తర్వాత తెలంగాణ కూడా అదే బాట పట్టింది. బోధనా మాధ్యమం గురించి అప్పట్లో జరిగిన వాదోపవాదాల్ని ఇక్కడ మళ్లీ తవ్వను. నేను మాట్లాడదలచింది ఆ పుస్తకాల్లోని పటాల గురించి. లెక్కల పుస్తకంలో ఒక లంబకోణ త్రిభుజం ఉందంటే ద్విభాషా పుస్తకంలో అది రెండు చోట్ల కనబడాలి. ఒకచోట దాని మీద పేర్లు ఇంగ్లీషులో, ఇంకోచోట తెలుగులో ఉండాలి. అందులో ఒక కొలత మారిందా, నాలుగు చోట్ల దిద్దాలి: రెండు భాషల వాక్యాల్లో, రెండు పటాల్లో. వాక్యం సంగతి పెద్ద కష్టం కాదు, ప్రూఫు మీద గుర్తు పెడితే ఆపరేటర్ దిద్దేస్తాడు. పటం సంగతి అలా కాదు. గీసిన మనిషి దొరకాలి, ఆయన దగ్గర అసలు ఫైలు మిగిలి ఉండాలి, దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి. పాఠం ఒకచోట, పటం మరోచోట తయారై పేజీ కట్టే రోజున మాత్రమే కలిసే ఈ పద్ధతి మారాలి. కోడ్‌తో గీయడానికి వీలైన ప్రతి పటాన్నీ పుస్తకం మూలప్రతిలోనే, వాక్యాల పక్కనే, అక్షరాలుగా రాయాలి. నా వాదన ఇంతే.

పటాన్ని అక్షరాలుగా రాయడమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. గణితం, భౌతికశాస్త్రం రాసే వాళ్లలో చాలామంది లేటెక్ అనే వ్యవస్థను వాడతారు. అందులో పేజీని మౌస్‌తో సర్దరు. ఇది శీర్షిక, ఇది సమీకరణం, ఇది పట్టిక అని సాదా ఫైల్లో రాస్తే కంప్యూటరే పేజీలు కూరుస్తుంది. అదే ఫైల్లో టిక్జ్ అనే ప్యాకేజీ సాయంతో బొమ్మనూ రాయొచ్చు. 'డ్రా' అన్న ఆదేశం పెట్టి (0,0) -- (4,0) -- (4,3) -- 'సైకిల్' అని రాస్తే త్రిభుజం వచ్చేస్తుంది. మూలబిందువు దగ్గర మొదలై కుడికి 4 సెంటీమీటర్లు, అక్కణ్నుంచి నిలువుగా 3, ఆపైన బయల్దేరిన చోటికి తిరిగి రావడం. ఆ అంకెలకు బదులు భుజాలకు పేర్లు పెట్టుకుని, వాటి విలువలు ఫైలు మొదట్లో ఒక్కసారి చెప్పొచ్చు. కర్ణం పొడవు మనం రాయనక్కర్లేదు, వ్యవస్థే లెక్కగట్టి పటం మీదా, కింది వాక్యంలోనూ, పుస్తకం చివరి జవాబుల్లోనూ ముద్రిస్తుంది. 3, 4 తీసేసి 5, 12 పెట్టిన మరుక్షణం అన్నిచోట్లా 5 పోయి 13 వస్తుంది. పటం మీద ఒక సంఖ్య, ప్రశ్నలో ఒక సంఖ్య, జవాబులో మరో సంఖ్య ఉండే ముద్రణలో పిల్లవాడు తన లెక్కే తప్పనుకుంటాడు. ఆ తప్పుకు ఈ పద్ధతిలో చోటు ఉండదు. పటం లోపలి పేర్ల సంగతీ అంతే. 'కర్ణం' అన్న మాటకు రెండు భాషల రూపాల్నీ ఒక చిన్న పట్టికలో పెడితే ఒకే కోడ్ నుంచి రెండు పటాలు వస్తాయి. రెండు రాష్ట్రాల్లో ఉర్దూ, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ మాధ్యమాల పిల్లలూ ఉన్నారు కాబట్టి ఈ లాభం రెండు భాషలతో ఆగదు.

ఇదేదో నిన్నమొన్నటి ఊహ కాదు. బెల్ ల్యాబ్స్‌లో బ్రయాన్ కెర్నిహాన్ 1980ల మొదట్లోనే 'పిక్' అనే చిన్న భాషను తయారుచేశారు. పెట్టె గీయి, బాణం గీయి, దాని పక్కన వృత్తం పెట్టు అని వ్యాసం మధ్యలోనే రాస్తే ముద్రణలో ఆ బొమ్మ వచ్చేది. తన పుస్తకం రెండో సంపుటి కొత్త కూర్పు ప్రూఫుల్ని 1977లో చూసి అసంతృప్తి చెందిన డోనాల్డ్ క్నూత్, లేటెక్‌కు పునాది అయిన టెక్ వ్యవస్థకు పూనుకున్నాడు. దానికి తోడుగా ఆయన చేసిన మెటాఫాంట్‌లో అక్షరాల ఆకారాలు కూడా కోడ్‌లోనే ఉంటాయి. దాని నుంచి జాన్ హాబీ మెటాపోస్ట్‌ను తీసుకొచ్చారు. జర్మనీలో టిల్ టాంటౌ 2000ల్లో టిక్జ్‌ను రూపొందించారు. నాలుగు దశాబ్దాలుగా నలిగిన దారి ఇది.

దీని బలం ఎంతో ఒక పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఆలివర్ బైర్న్ 1847లో లండన్‌లో యూక్లిడ్ జ్యామితి మొదటి ఆరు భాగాల్ని విచిత్రమైన పద్ధతిలో అచ్చువేయించాడు. కోణాలకూ భుజాలకూ అక్షరాల పేర్లు పెట్టకుండా ఎరుపు, పసుపు, నీలం రంగుల్ని వాడాడు. రుజువు చెప్పే వాక్యం మధ్యలోనే ఆ ఎర్ర కోణం, ఆ నీలి గీత చిన్న బొమ్మలుగా వస్తాయి. ఆనాటి అచ్చు పనివారికి అదెంత కష్టమో ఊహించుకోవచ్చు: ప్రతి రంగునూ విడిగా, గీత తప్పకుండా ఒకదాని మీద ఒకటి అద్దాలి. మన కాలంలో అదే పుస్తకాన్ని మెటాపోస్ట్ కోడ్‌తో, టెక్ ఫైలుగా మళ్లీ కూర్చారు. అందులో పెద్ద పటంలోని కోణాన్ని ఒకసారి నిర్వచిస్తే చాలు. వాక్యం మధ్యలో వచ్చే చిన్న కోణం ఆ నిర్వచనం నుంచే పుడుతుంది, అదే రంగులో, అదే వాలులో. పెద్ద పటంలో బిందువును జరిపితే వాక్యంలోని చిన్న బొమ్మ కూడా దానితోపాటే మారుతుంది. అక్కడ పటాన్ని వాక్యం నుంచి విడదీయడానికి వీల్లేదు, ఎందుకంటే పటమే వాక్యంలో కర్త, కర్మ. బైర్న్ కోరుకున్నది అదే. నూట డెబ్బయ్యేళ్ల కిందట చేతి నైపుణ్యంతో, అపారమైన ఖర్చుతో సాధించిన ఆ ఐక్యత ఇప్పుడు ఒక ఫైలుతో వస్తోంది.

మన ముద్రణ రంగం ఇంకా దీనికి దూరంగానే ఉంది. తెలుగు డీటీపీలో ఎక్కువ పని దశాబ్దాల పాటు యూనికోడ్ కాని ఫాంట్లలో జరిగింది. ఆ ఫాంటు తీసేస్తే అక్షరాలు కావు, అర్థం లేని గుర్తులు మిగులుతాయి. వాక్యాలకు ఆ చిక్కు నుంచి బయటపడే దారి ఉంది, మార్పిడి సాధనాలు చాలానే వచ్చాయి. కానీ అదే ఫాంటులో పేర్లు రాసి చిత్రంగా మార్చేసిన పటానికి ఆ దారి లేదు. అందులోని 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాట ఇక వెతికితే దొరకదు, దిద్దితే మారదు, వేరే భాషలోకి పోదు. పునర్ముద్రణ వేళ పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అతికించడం తప్ప మార్గం ఉండదు. మన తెలుగు శాస్త్ర పుస్తకాల్లో మసకబారిన పటాల వెనుక ఉన్న కథ చాలావరకు ఇదే.

పటం వెనుక లెక్క కూడా ఉంటే నష్టం ఇంకా పెద్దది. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో ఒక పత్రం ప్రచురించారు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని అందులో ఉంది. పొదుపు చర్యల్ని సమర్థించే రాజకీయ నాయకులు ఆ పత్రాన్ని పదేపదే ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, మరో ఇద్దరు ఆచార్యులు దాని అసలు ఎక్సెల్ షీటును రచయితల దగ్గర నుంచి తెప్పించుకుని చూస్తే సూత్రంలో ఐదు దేశాల వరసలు కలవనే లేదు. కొన్ని సంవత్సరాల లెక్కల్ని వదిలేయడం, సగటు తీసిన తీరు కూడా కలుపుకుని సరిచేస్తే వచ్చిన సంఖ్య 2.2 శాతం. తప్పులు ఎవరైనా చేస్తారు. ఆ తప్పు మూడేళ్లు బయటపడకపోవడానికి ఒక కారణం, లెక్క ఒక ఫైల్లో, పత్రం ఇంకో ఫైల్లో ఉండడం. గణాంకవేత్తల దగ్గర అప్పటికే దీనికి పరిష్కారం ఉంది. 2002లో వచ్చిన స్వీవ్, తర్వాతి నిటర్ లాంటి సాధనాలతో లెక్క, గ్రాఫు, వ్యాసం ఒకే మూలంలో రాయొచ్చు. డేటా మారితే గ్రాఫు మారుతుంది, చదివేవాళ్లకు ఆ గ్రాఫు ఎలా వచ్చిందో కనిపిస్తుంది. 1991లో మొదలైన ఆర్కైవ్ అనే పరిశోధన పత్రాల భాండాగారం టెక్‌లో రాసినవాళ్లు పీడీఎఫ్ ఇస్తే ఒప్పుకోదు, మూలమే ఇమ్మంటుంది. పత్రంలోని పటం కోడ్‌తో గీసినదైతే ఎవరైనా ఆ మూలాన్ని దింపుకుని ఎలా గీశారో చూడొచ్చు. శాస్త్ర ప్రపంచంలో ఇంతకంటే మంచి బడి లేదని నా నమ్మకం.

ఇక అభ్యంతరాలు. మొదటిది, ఇది బొమ్మ గీసే వాళ్ల పని కాదు, ప్రోగ్రామర్ల పని అన్నది. టిక్జ్ మాన్యువల్ 1,300 పేజీలు దాటింది. బడిపంతులు అది ఎప్పుడు చదవాలి? ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే పంతులు చదవాల్సిన పని లేదు. జియోజీబ్రాలో మౌస్‌తో జరిపి గీసిన త్రిభుజాన్ని ఆ సాఫ్ట్‌వేరే టిక్జ్ కోడ్‌గా మార్చి ఇస్తుంది. పాఠ్యపుస్తకంలో మాటిమాటికీ వచ్చే వృత్తం, సంఖ్యారేఖ, నిరూపక అక్షాలు, విద్యుత్ వలయం లాంటివి ఒకసారి రాసి పెట్టుకుంటే తర్వాత అంకెలు మార్చడమే. పైగా ఇప్పుడు భాషా నమూనాలు కూడా ఈ పని నేర్చుకున్నాయి. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు జీపీటీ-4 సామర్థ్యాన్ని చూపడానికి దాని చేత టిక్జ్‌లో కొమ్ముగుర్రం బొమ్మ గీయించారు. యంత్రం రాసిన కోడ్‌ను మనిషి సరిచూడాలన్నది నిజమే. కానీ అది కోడ్ కాబట్టే వరస వరసా చదివి సరిచూడగలం. యంత్రం గీసి ఇచ్చిన ఫొటో లాంటి చిత్రాన్ని అలా సరిచూడలేం.

అన్ని బొమ్మలూ కోడ్‌తో గీయాలని నేను అనడం లేదు. బాపు గీతను సమీకరణాలుగా విడగొట్టడం కళకు అన్యాయం. గుండె లోపలి గదుల చిత్రానికీ, పువ్వు నిలువు కోతకీ చిత్రకారుడి చేయి కావాలి. ఆ బొమ్మల్లో కూడా బాణాలు, పేర్లు మాత్రం కోడ్‌తో పైన పెట్టొచ్చు. అప్పుడు చిత్రం ఒకటే ఉంటుంది, పేర్లు భాషను బట్టి మారతాయి.

రెండో అభ్యంతరం కాలం గురించి. వందల పటాలున్న పుస్తకాన్ని ప్రతిసారీ మళ్లీ కూర్చాలంటే కంప్యూటర్ ఆలస్యం చేస్తుంది. టిక్జ్ దీనికి ఒక ఏర్పాటు చేసింది. ఒకసారి గీసిన పటాన్ని దాచుకుని, దాని కోడ్ మారేదాకా మళ్లీ గీయదు. బయటి ప్రోగ్రాములను పిలిచే పటాలతో భద్రత సమస్య కూడా ఉంది. ఎవరో పంపిన ఫైలు మన కంప్యూటర్లో ఏ ఆదేశమైనా నడిపించగలిగితే ప్రమాదమే. అందుకే టెక్ పంపిణీలు ముందుగానే ఆ అనుమతిని కొద్ది ప్రోగ్రాములకే పరిమితం చేస్తాయి. పాఠ్యపుస్తకాల పటాల్లో దాదాపు అన్నిటికీ ఆ అనుమతి అవసరమే పడదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మన్నిక గురించినది. ఈ కోడ్ ఇరవయ్యేళ్ల తర్వాత నడుస్తుందా? టెక్ విషయంలో క్నూత్ ఇచ్చిన హామీ అరుదైనది. కొత్త సౌకర్యాలు చేర్చనని ప్రకటించి, తప్పులు మాత్రమే దిద్దుతూ, ప్రతి దిద్దుబాటు విడతకూ వెర్షన్ సంఖ్యను పై (π) విలువకు ఒక్కో అంకె దగ్గరగా జరుపుతున్నాడు. 2021 నాటికి అది 3.141592653. టిక్జ్‌కు అంతటి హామీ లేదు, అది ఇంకా పెరుగుతున్న ప్యాకేజీ. కానీ ప్రతి ఏటి టెక్ లైవ్ పంపిణీ భద్రంగా ఉంది. ఏ సంవత్సరం పంపిణీతో కూర్చారో ఫైల్లో ఒక్క మాట రాస్తే అదే పంపిణీతో మళ్లీ కూర్చొచ్చు. ఒకవేళ సాఫ్ట్‌వేర్ పూర్తిగా అంతరించినా (4,0), (4,3) అన్న అంకెలు సాదా అక్షరాల్లో ఉంటాయి, స్కేలు పట్టుకున్న ఎవరైనా పటాన్ని తిరిగి గీయగలరు. మూతపడిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకున్న పటానికి ఆ అవకాశం ఎక్కడిది?

చూపు లేని పాఠకుల విషయంలో మాత్రం ఈ పద్ధతి ఇంకా బాకీ పడే ఉంది. కోడ్‌తో గీసినా పీడీఎఫ్‌లోకి చేరాక అది నోరులేని బొమ్మే. ఆర్కైవ్ 2023 డిసెంబరు నుంచి పత్రాల్ని వెబ్ పేజీలుగా కూడా ఇస్తోంది, అక్కడ క్లిష్టమైన టిక్జ్ పటాలు కొన్నిసార్లు చెదిరిపోతాయి. స్క్రీన్ రీడర్లు సరిగ్గా చదవగల పీడీఎఫ్‌ల కోసం లేటెక్ బృందం 2020 నుంచి పని చేస్తోంది, అది ఇంకా పూర్తికాలేదు. అయినా పటం, దాని వర్ణన ఒకే ఫైల్లో పక్కపక్కన ఉంటే, ఆ వర్ణనలోని కొలతలు పటం కొలతల నుంచే వస్తే, అంధ విద్యార్థికి అందేది పాత కూర్పు వర్ణన కాకుండా ఈ ఏటి పటానిదే అవుతుంది.

ఈ నైపుణ్యం మనకు లేదనడం సరికాదు. విదేశీ శాస్త్ర పత్రికల్ని టెక్‌లో కూర్చే పని తిరువనంతపురం, చెన్నై, పుదుచ్చేరిలాంటి చోట్ల ఏళ్లుగా పెద్ద ఎత్తున నడుస్తోంది. ప్రపంచ టెక్ వాడకందారుల వార్షిక సమావేశం 2002లో తిరువనంతపురంలోనే జరిగింది. తెలుగు అక్షరాల అడ్డంకి కూడా తొలగిపోయింది: యూనికోడ్ ఫాంట్లను నేరుగా వాడుకునే జీటెక్, లువాటెక్ ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూరుస్తాయి, పోతన నుంచి మండలి దాకా మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితంలోని జ్యామితి అధ్యాయాలతో మొదలుపెట్టొచ్చు. ఆ అధ్యాయాల్లో ప్రతి పటం కొలతలతో చెప్పగలిగినదే, ఎక్కువ దిద్దుబాట్లు వచ్చేదీ అక్కడే. పుస్తకం పీడీఎఫ్‌తో పాటు మూలప్రతినీ, అందులోని పటాల కోడ్‌నూ అందరికీ అందుబాటులో పెట్టాలి. ప్రజల సొమ్ముతో తయారైన పుస్తకం అది. ఆదిలాబాద్‌లోనో పాడేరులోనో పనిచేసే ఉపాధ్యాయుడు ఆ ఫైలు దింపుకుని, పటంలోని పేర్లను గోండిలోకో కువిలోకో మార్చుకుని, తన తరగతికి రేపే అచ్చు తీసుకోగలగాలి.