రైలు తర్వాత, ముందు బీగం



పోయిన నెల మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. డల్లాస్ పక్కన ఉండే మన సభ్యుడొకరి కొడుకు కొత్తగా కొన్న ఏఆర్-15 కార్బైన్ తుపాకి పట్టుకుని నిలబడినాడు. కింద ఒక ప్రశ్న: "దీని హ్యాండ్‌గార్డ్ తీసేసి మంచి రైలు వేయించాలనుకుంటున్నా, ఏది బాగుంటుంది?" సాయంత్రానికి అరవై లైకులు. "సూపర్ తమ్ముడూ" అని ఒకరు, "బట్లహళ్ళి పులి" అని ఒకరు. ఇంకొకాయన "రైలు సంగతి మన రైల్వే ఆయన్నే అడగండప్పా" అని నన్ను ఎగతాళికి లాగినాడు.

ఎగతాళికే అయినా అడిగినారు కాబట్టి కూర్చుని చదివినాను. ఇంట్లో ఆమె "ఈ వయసులో నీకు తుపాకులెందుకు" అని తిట్టింది కూడా. చదివినాక నాకు తేలిందేమంటే, ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్న తప్పు కాదు, అడిగిన వరుస తప్పు. వరుస తప్పని చెప్పాల్సిన పెద్దలం మనం. మనం లైకులు కొట్టినాము. అది ఇంకా పెద్ద తప్పు.

"ముసలాయనకు తెలీని విషయం, ఊరికే నీతులు చెప్తాడు" అంటారు కాబట్టి ముందు ఆ రైలు సంగతే చెప్తాను.

తుపాకి కాల్చే కొద్దీ గొట్టం వేడెక్కుతుంది. పట్టుకున్న చెయ్యి కాలకుండా గొట్టం చుట్టూ ఉండే తొడుగే హ్యాండ్‌గార్డ్. మన పల్లెల్లో పంట కాపలా తుపాకికి గొట్టం కింద కట్టె ఉంటుందే, దాని పనే ఇదీ చేసేది. ఏఆర్ కార్బైన్‌కి మామూలుగా వచ్చేది రెండు ముక్కల ప్లాస్టిక్ తొడుగు, లోపల వేడి ఆపడానికి రేకు. దాన్ని తీసేసి బయట దొరికే అల్యూమినియం తొడుగు వేసుకుంటే దానికి టార్చి, లేజరు, ముందరి పిడి, కాళ్ళ స్టాండు తగిలించుకోవచ్చు. అవి తగిలించే పట్టాలకే రైలు అని పేరు.

ఇందులో నాకు బాగా అర్థమైంది గేజు తగాదా. నా ఉద్యోగం మొదట్లో గేజు మారే ఒక పెద్ద జంక్షన్‌లో పని చేసినాను. మీటర్ గేజు వ్యాగన్‌లో వచ్చిన మూటను దించి, మోసి, బ్రాడ్ గేజు వ్యాగన్‌లో ఎక్కించాలి. సరుకు అదే, ఊరు అదే, పట్టా వెడల్పు వేరు కాబట్టి కూలీ రెండింతలు, పగిలే కుండలు రెండింతలు. మన చింతామణి మీద పోయే చిక్కబళ్ళాపురం-కోలారు లైను కూడా ఒకప్పుడు 762 మిల్లీమీటర్ల చిన్న గేజే. దేశమంతా ఒకే గేజు చేయాలని 1992లో మొదలుపెడితే, మన లైను 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజుగా తెరిచేసరికి 2013 అయింది.

తుపాకి రైళ్ళలోనూ అచ్చం ఇదే కథ. మొదట ఎవరి కొలత వాళ్ళది. 1995లో అమెరికా సైన్యం పికాటిన్నీ అనే కొలతను ఖాయం చేసింది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, గాడి నుంచి గాడికి 10.01. ఎవరు చేసిన టార్చి అయినా ఎవరు చేసిన పట్టాకైనా పట్టాలి. మంచిదే. కానీ నాలుగు వైపులా ఆ పళ్ళ పట్టాలు పెట్టినందువల్ల బరువు పెరిగింది, చెయ్యి గీసుకుపోయింది. అందుకని తొడుగుకే రంధ్రాలు పెట్టి, కావాల్సిన చోట మాత్రం పట్టా బిగించుకునే పద్ధతులు రెండు వచ్చినాయి. 2012లో కీమాడ్, 2014లో ఎమ్-లాక్. అమెరికా నౌకాదళానికి చెందిన క్రేన్ కేంద్రం రెండింటినీ కింద పడేసి, బరువులు వేలాడదీసి, తీసి మళ్ళీ బిగించి చూసింది. 2017లో బయటపెట్టిన ఆ ఫలితాల్లో ఎమ్-లాక్‌దే పైచేయి. వాళ్ళ ప్రత్యేక దళాలు దాన్నే తీసుకున్నాయి. కీమాడ్ కొన్నవాళ్ళ గతి చిన్న గేజు ఇంజను కొన్నవాడి గతే అయింది. కాబట్టి కొత్తగా కొనేవాడికి ఎమ్-లాక్ చాలు, పైన మాత్రం పికాటిన్నీ ఉంటే సరి.

ఇంక రెండు మాటలు. పాత తొడుగు స్థానంలోనే కూర్చునే రకం ఒకటి, అది చవక, ఇంట్లోనే మార్చుకోవచ్చు. గొట్టాన్ని ఎక్కడా తాకకుండా వెనకాల నట్టు మీదే నిలబడే రకం ఇంకొకటి, దాన్ని ఫ్రీ ఫ్లోట్ అంటారు. స్టాండు మీద ఆనించినా బెల్టు గుంజినా గొట్టం వంగదు, గురి చెదరదు. కానీ దానికి గొట్టం నట్టు విప్పి సరైన బిగుతుతో బిగించాలి. ముందర సైటు స్తంభం ఉన్న తుపాకి అయితే, దాన్ని దాటిపోయే పొడుగు తొడుగు ఎక్కదు. ఆ స్తంభం తీసి చిన్న గ్యాస్ బ్లాక్ వేయాలి. అది గన్‌స్మిత్ పని, యూట్యూబ్ చూసి చేసేది కాదు. కార్బైన్ తొడుగు సుమారు ఏడు అంగుళాలు. ఇప్పుడు ఫ్యాషన్ పదిహేను. పొడుగైతే చెయ్యి చాపుకోవచ్చు, నిజమే. కానీ ముందు బరువు, వేళ్ళు గొట్టం మూతికి దగ్గర. సన్నటి అల్యూమినియం గబగబా కాల్చితే పాత ప్లాస్టిక్ కంటే ఎక్కువ కాలుతుంది కూడా.

అయిపోయింది. ఇంతే విద్య. ఏం తగిలిస్తావో తెలిస్తే ఏ రైలో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏమీ తగిలించనివాడికి వచ్చిన ప్లాస్టిక్ తొడుగే చాలు. ఏం తగిలించాలో తెలీకుండా రైలు వెతికేదాన్నే మనవాళ్ళు ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు.

ఇప్పుడు నా అసలు తగాదా. ఆ అరవై లైకుల్లో ఒక్కరూ అడగని మూడు ప్రశ్నలున్నాయి.

మొదటిది: నాయనా, నీ వీసా ఏమిటి? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే మన పిల్లలకు బాగా తెలిసిన ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 వాళ్ళు, తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మనలాంటి మామూలు మనిషికి పనికొచ్చేది గడువు తీరని వేట లైసెన్సు ఒకటి. టెక్సాస్ వేట లైసెన్సు ప్రతి సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరులో కొత్తది తీసుకోకపోతే, ఆగస్టులో న్యాయంగా ఉన్న తుపాకే నేరమవుతుంది. శిక్ష పదిహేనేళ్ళ దాకా. స్నేహితుడి తుపాకిని రేంజిలో పట్టుకున్నా ఇదే చిక్కు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు ఈ అడ్డు లేదు. కానీ మన గ్రూపులో ఎంతమంది పిల్లలు గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉండారో మీకే తెలుసు. అప్పు చేసి పంపిన కొడుకు, ఒక్క ఫోటోతో తిరుగు విమానం ఎక్కితే? ఆ ఫోటోకు మనం కొట్టిన లైకు సాక్ష్యమే కదా.

రెండోది: బీగం ఎక్కడ? రైలుకు వంద నుంచి మూడు వందల డాలర్లు పెట్టేవాడు తుపాకి పెట్టె కొన్నాడా? ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది, ఆ ఫోటోలోనే వెనకాల ఆమె సైకిలు కనిపిస్తా ఉంది. పదిహేడేళ్ళు నిండని పిల్లల చేతికి అందేలా తుపాకి వదిలేస్తే టెక్సాస్‌లో తండ్రి మీద కేసు. కేసు తర్వాత సంగతి, పాప సంగతేమిటి? మన పల్లెలో పంట తుపాకి ఉన్న ఇళ్ళు చూసినాము. తుపాకి ఒక చోట, మందు ఇంకొక చోట, బీగంచెవి ముసలాయన మొలతాడుకు. ఎలక్షన్ వస్తే పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకునేవాళ్ళు. చదువు లేని తాతలు వాళ్ళు. ఇంజనీరు మనవడికి ఆ పాటి జాగ్రత్త రాదా?

మూడోది: దేనికి? "మనవాళ్ళ ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలు కనిపెట్టి వస్తారన్నా" అని ఆ పిల్లవాడి తండ్రి నాతో ఫోన్లో అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు, నేను ఎగతాళి చేయను. అయితే ఆ భయానికే జవాబు వెతుకుదాం. రాత్రి రెండు గంటలకు చీకట్లో తలుపు చప్పుడైతే, వచ్చింది దొంగో, ఆలస్యంగా ఇల్లు చేరిన తమ్ముడో చూడాలి. అందుకు కావాల్సింది ఒక్క టార్చి. దానికి ఒక్క ఎమ్-లాక్ గాడి చాలు. లేజరు, స్టాండు, నాలుగు వైపులా పళ్ళు, పదిహేను అంగుళాలు, ఇవన్నీ దొంగ కోసం కాదు, ఫోటో కోసం. బంగారాన్ని బ్యాంకు లాకరులో పెట్టడం ఇంకా చవక.

"అది అమెరికా, అక్కడ హక్కు" అంటారు ఇంకొందరు. హక్కే. రైల్వేలో నాకూ పాసు హక్కు ఉండేది. హక్కు ఉందని కదిలే బండి ఎక్కలేదు. 2023 మే 6న అదే డల్లాస్ పక్కన అలెన్ ఊరి మాల్‌లో ఒకడు ఏఆర్-15 రకం తుపాకితో ఎనిమిది మందిని చంపినాడు. చనిపోయినవాళ్ళలో మన తెలుగు అమ్మాయి ఒకతె, ఇంజనీరు. వారాంతంలో షాపింగ్‌కు పోయింది. ఆ వార్త వచ్చిన రోజు మన తెలుగు ఇళ్ళలో ఎన్ని ఫోన్లు డల్లాస్‌కు మోగినాయో గుర్తు తెచ్చుకోండి. ఆ తుపాకి రకాన్నే పట్టుకుని మన పిల్లవాడు నవ్వితే మనం పులి అంటామా? వాడు చెడ్డవాడని నేను అనడం లేదు, బంగారంలాంటి పిల్లవాడు. కానీ ఆ వస్తువు బొమ్మ కాదని వాడికి గుర్తు చేసేవాడు ఒక్కడైనా ఉండాలి కదా.

ఇంకొక మాట. ఎవరో సరదాగా "వచ్చేటప్పుడు మా తాత తుపాకికీ ఒక రైలు తీసుకురా" అని రాసినారు. సరదాకు కూడా వద్దు. మన 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాటలోకి దాని భాగాలూ వస్తాయి. బెంగళూరు విమానాశ్రయంలో సూట్‌కేసు తెరిచినప్పుడు "ఇది ఊరికే అల్యూమినియం గొట్టం సార్" అంటే వినేవాళ్ళు ఉండరు. పైగా మందు దట్టించే మన పాత తుపాకికి అది పట్టదు కూడా.

సంఘానికి నా విన్నపం. వచ్చే మీటింగులో తీర్మానం చేద్దాం. మన గ్రూపులో తుపాకి ఫోటోలు వద్దు. అమెరికాకు కొత్తగా పోయే పిల్లలకు మనం ఇచ్చే సలహాల కాగితంలో బ్యాంకు ఖాతా, డ్రైవింగు లైసెన్సు పక్కన వీసా-తుపాకి చట్టం కూడా ఒక వరుస రాద్దాం. ఎవరైనా ఇంకా రైలు అడిగితే ముందు వీసా, తర్వాత శిక్షణ, తర్వాత బీగం, ఆ తర్వాతే రైలు అని చెప్దాం.

ఆ పిల్లవాడికి నేనే ఫోన్ చేసినాను. కోపం రాలేదు వాడికి. "పెట్టె ఆర్డరు చేసినాను పెద్దాయనా, రైలు తర్వాత చూస్తా" అన్నాడు. వేట లైసెన్సు సంగతి మాత్రం వాడికి నిజంగానే తెలీదు. వీసా హెచ్-1బి. లైసెన్సు వచ్చేదాకా అది ఇంట్లో ఉండకూడదు, తీసుకునేది నువ్వే తేల్చుకోకుండా మొదట లాయరును అడుగు అన్నాను. మరుసటి రోజే అడిగినాడు.

అరవై మంది లైకు కొట్టినారు. ఒక్కరు ఫోన్ చేసి ఉంటే నెల ముందే తెలిసేది.